గాలి పద్దు

లీవి వాయిద్యం పేరు ఓబో.
మూరెడు పెట్టెలో మూడు ముక్కలుగా పడుకుంటుంది.
నల్లటి కర్ర, మీద వెండి మీటలు.
మా కారు కంటే ఖరీదు.
కారు అమ్మేశాక ఆ పోలిక మానేశాను.

హాప్సలులో ఆరు నెలలు చలి.
ఆమె బస్సు నడుపుతుంది, నేను రేవులో
పడవల ఇంజన్లు విప్పి బిగిస్తాను.
రాత్రి వంటింటి బల్ల మీద
గళ్ళ నోటుపుస్తకం తెరిచి పద్దు రాస్తాను:
పాలు, కరెంటు, పొయ్యిలోకి కట్టెలు.
ఒక పేజీకి మాత్రం పైన 'గాలి' అని పేరు పెట్టాను.
అందులోవన్నీ
అక్షరాలా ఊదేసిన డబ్బులు.

రీడు ఒకటికి ఇరవై ఎనిమిది యూరోలు.
ఏముంది అందులో? రెండు రెల్లు పేళ్ళు, ఒక ఎర్రదారం.
ఫ్రాన్సు దక్షిణాన ఏదో ఏటి గట్టున పెరిగిందట,
ఎండిందట, చీలిందట,
మా ఇంటికొచ్చి పదిహేను గంటలు పాడి
చచ్చిపోతుంది.
పువ్వు కూడా ఇంత తొందరపడదు అన్నాను.
ఆమె నవ్వలేదు. చాకుతో రీడు కొస గీకి
దీపానికేసి ఎత్తి చూసింది,
సూదిబెజ్జం వెతికేదానిలా.

నేను సిగరెట్లు మానేసి తొమ్మిదేళ్ళు.
చుట్టుకునే కాగితాలు ఇప్పటికీ కొంటున్నాను.
మీటల కింద చేరిన తడి అద్దడానికి
అంతకంటే మంచిది లేదట.
కొట్లో పిల్ల ఈ మాట ఇంకా నమ్మదు.
ఈక ఒక్కటే ఉచితం.
గొట్టం లోపల తుడుచుకోమని
ఒడ్డున ఏదో గల్ పిట్ట వదిలేసి పోయింది.

పోయిన జనవరిలో, డిపో నుంచి రిహార్సల్‌కి
నడిచి వెళ్ళిన సాయంత్రం
కర్ర పగిలింది.
పై ముక్క మీద, వెంట్రుకంత గీత.
ఆఫ్రికాలో పుట్టిన చెట్టు, మా మంచు దానికేం తెలుసు.
టాలిన్‌లో ఎండెల్ అనే ముసలాయన
భూతద్దం పెట్టి చూసి
నాలుగు వందల పది అన్నాడు,
మా ముఖాలు చూడకుండా.

తిరుగు బస్సులో లీవి అంది:
వద్దులే. ఇంక ఊదను.

ఊదలేదు.
పెట్టె అలమర మీదికెక్కింది.
గాలి పేజీ ఖాళీ. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్.
ఎంత మిగిలిందో చూద్దామని కూర్చుంటే
ఏమీ దొరకలేదు.
వాషింగ్ మెషిన్ బెల్టు కొంత మింగింది,
నా పంటి తొడుగు కొంత,
తక్కినది ఎటు పోయిందో
ఏ పేజీలోనూ లేదు.
చప్పుడు చేయకుండా పోయింది.

మేలో ఇల్మే ఫోను చేసింది,
వాళ్ళ ఆర్కెస్ట్రాకి పెద్దామె.
లీవికి కాదు, నాకు.
కచేరీకి ముందు ఓబో ఒక స్వరం పట్టి నిలుపుతుంది కదా,
దాన్ని చూసుకుని తక్కిన ముప్పై ఒక్కమంది
శ్రుతి సరిచేసుకుంటారు కదా,
ఇప్పుడు అగ్గిపెట్టంత యంత్రం కూత పెడుతోంది.
శ్రుతి బాగానే కుదురుతోంది, అంది,
కానీ ఎవరూ ఎవరి వైపూ చూడడం లేదు.

నాకొక పడవ మోటారు ఉండేది.
ఏడేళ్ళుగా షెడ్డులో బాగుచేస్తూనే ఉన్నాను,
ఒక్కసారీ నీళ్ళు చూడలేదు అది.
దాని పద్దు నేనెప్పుడూ రాయలేదు.
ఒక ఫిన్లాండు ఆయన నాలుగు వందల ముప్పైకి
బేరమాడకుండా పట్టుకుపోయాడు.
ఆమె డ్యూటీలో ఉండగా పెట్టె దించి
టాలిన్‌కి మోసుకెళ్ళాను.

మిగిలిన ఇరవైకి రీడు రాదు.
ఇంకో ఎనిమిది కలిపాను.

ఆదివారం ఆమె లేవకముందే
నేను వోడ్కా తాగే చిన్న గ్లాసులో
వేలెడు నీళ్ళు పోసి, రీడు నిలబెట్టి,
పక్కన పెట్టె పెట్టి
రేవుకి వెళ్ళిపోయాను.
తిరిగొచ్చేసరికి మెట్ల దాకా వినిపించింది:
ముందు బాతు అరుపు,
ఆ తర్వాత తిట్టు,
ఆ తర్వాత ఊపిరి అయిపోయేదాకా లాగిన
ఒకే ఒక్క స్వరం.
పక్కింటి హెల్దూర్ గోడ మీద దబదబ బాదాడు.

నోటుపుస్తకం తీశాను.
మోటారు డబ్బు గాలి పేజీలో
రాబడి వైపు రాయాలా, ఖర్చు వైపా?
పెన్ను మూత తీసి
చాలాసేపు అలాగే కూర్చున్నాను.